మీ గేటు కెమెరా సంగతి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? పుణెలో వానలు తగ్గాయా? మొన్న శనివారం తెనాలిలో పనుండి, మీ ఇంటికి కూడా వెళ్లాను. పిన్ని, బాబాయ్ కులాసాగా ఉన్నారు. పెసరట్టు తింటే గానీ పిన్ని నన్ను నిచ్చెన ఎక్కనివ్వలేదు. కెమెరా సంగతి ఫోన్లో ముక్కలుముక్కలుగా చెబితే నీకు టెన్షనే తప్ప ఏమీ అర్థం కాదని, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చీకటి పడగానే ఆఫ్‌లైన్ అయిపోతోంది, తెల్లారితే దానంతటదే వస్తోంది అన్నావు కదా. నువ్వూ, దాన్ని బిగించినతనూ వైఫైనే అనుమానించారు. వైఫై తేడా అయితే పగలు కూడా పోవాలి కదరా! రాత్రయితే కెమెరాలో కొత్తగా జరిగేది, చీకట్లో బొమ్మ కనిపించడానికి ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగడం. అవి వెలిగితే కెమెరా కరెంటు ఎక్కువ లాగుతుంది. మీ ఇంట్లో ఏం చేశారంటే, అడాప్టర్ హాల్లో టీవీ వెనక పెట్టి, అక్కణ్ణుంచి గేటు దాకా సన్నటి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు లాగారు. మల్టీమీటర్ పెట్టి చూశాను. అడాప్టర్ దగ్గర 5 వోల్టులు ఉంటే కెమెరా దగ్గరికి వచ్చేసరికి 4.7. సరే, పగలు దాంతో నడిచిపోతోంది. అప్పుడు బాబాయ్‌ని ఒక అట్టపెట్టె పట్టుకోమని కెమెరా ముఖం మొత్తం కప్పేశాం. లోపల టిక్కుమని చప్పుడైంది, లైట్లు ఎర్రగా వెలిగాయి, మీటరు 4.2కి పడిపోయింది, కెమెరా ఆగిపోయి మళ్లీ మొదట్నుంచీ స్టార్ట్ అయింది. స్టార్ట్ అవగానే మళ్లీ చీకటి, మళ్లీ లైట్లు, మళ్లీ ఆగడం. రాత్రంతా జరుగుతున్నది ఇదే. కెమెరా పాడైపోలేదు, కొత్తది కొనొద్దు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, వసారా బోర్డు నుంచి గేటు స్తంభం దాకా పైపులో మామూలు 230 వోల్టుల లైను వేయించాను. అడాప్టర్ ఇప్పుడు కెమెరా పక్కనే, వాన నీళ్లు పడని డబ్బాలో ఉంది. ఆ లైనుకి స్విచ్చు పెట్టించలేదు. లైటనుకుని ఎవరో ఒకరు కట్టేస్తారు. ఎప్పుడైనా ఇంకో కెమెరా పెట్టించాలనుకుంటే మాత్రం వైఫైది వద్దు, పీఓఈది తీసుకో. నెట్టూ కరెంటూ ఒకే క్యాట్-6 కేబుల్లో వెళతాయి, 100 మీటర్ల వరకూ ఇబ్బంది ఉండదు.

అలాగని వైఫై బాగుందనీ కాదు. రూటర్ని పడగ్గదిలో ఇనప బీరువా వెనక పెట్టారు. గేటు దగ్గర సిగ్నల్ మైనస్ 82 డీబీఎం చూపించింది, ఇది సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మైనస్ 70 కంటే కిందకి పోతే వీడియో తెగుతూ ఉంటుంది. రూటర్ని హాలు కిటికీ దగ్గరికి మార్చాక మైనస్ 64కి వచ్చింది. వైఫైలో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లుంటే, ఈ కెమెరా 2.4 మాత్రమే పట్టుకుంటుంది. రూటర్లో 2.4కీ 5కీ ఒకటే పేరుంటే కొత్తగా కలిపేటప్పుడు సతాయించింది, అందుకని వేరువేరు పేర్లు పెట్టాను. రూటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ కూడా తగిలించాను. కరెంటు పోతే కెమెరా ఎలాగూ ఆగుతుంది గానీ పిన్ని ఫోన్‌కి నెట్ ఉంటుంది.

రాత్రి బొమ్మ తెల్లగా పొగ కమ్మినట్టు ఉండటానికి కారణం సాలెగూడు. లెన్సుకి అడ్డంగా ఒక్క పోగు ఉన్నా ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీద పడి మెరుస్తుంది. గుడ్డతో తుడిచేశాను. నెలకోసారి దులపమని బాబాయ్‌కి చెప్పాను. నీకు అర్ధరాత్రి అలర్టులు వచ్చేది మల్లెపందిరి ఊగినందుకూ, వాన వెలిశాక ఉసిళ్లు ముసిరినందుకూ. పందిరి ఉన్న వైపు డిటెక్షన్ తీసేసి, మనుషులు కనిపిస్తేనే అలర్ట్ వచ్చేలా పెట్టాను. టైము కూడా రెండున్నర గంటలు ముందుంది. చైనా టైమ్ జోన్ అలాగే వదిలేశారు. రేపు ఏదైనా జరిగి పోలీసులకి వీడియో ఇవ్వాల్సివస్తే ఆ టైము ఎంత చిక్కు తెచ్చిపెడుతుందో ఆలోచించు.

శీనూ, ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఆ కెమెరా నీ పేరు మీద లేదు. బిగించినతను తన అకౌంట్‌లోనే రిజిస్టర్ చేసుకుని నీకు షేర్ మాత్రం ఇచ్చాడు. పిన్నీ బాబాయ్ ఎప్పుడు బయటికి వెళుతున్నారో, ఎప్పుడు వస్తున్నారో ఆరు నెలలుగా అతని ఫోన్లో కూడా కనిపిస్తోంది. అతను మంచివాడే కావచ్చు. అయినా నాకు మనసొప్పలేదు. రీసెట్ బటన్ నొక్కినంత మాత్రాన ఆ లింకు తెగలేదు, అది కంపెనీ సర్వర్‌లో ఉంది. అతన్నే పిలిపించి, నా ఎదురుగా అతని యాప్‌లోంచి తీసేయించాను. పైగా పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా కెమెరాకి దారి తెరవడం, పెడితే ఇంకా స్పీడుగా వస్తుందని సలహా ఇచ్చాడు. ఒప్పుకోకు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలనీ, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలనీ వెతికి పట్టుకుంది. ఆ అక్టోబర్‌లో వాటితోనే, వెబ్‌సైట్ల పేర్లకి అడ్రసులు చూపించే డైన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. నేరుగా ఇంటర్నెట్‌కి తలుపు తీసి పెట్టిన కెమెరా మీద నాకు నమ్మకం లేదు. పరికరాలు తమంతట తామే అలాంటి తలుపు తెరుచుకునే యూపీఎన్‌పీని కూడా రూటర్లో ఆపేశాను.

హాల్లో కెమెరా తీసేశాను. నీకు చెప్పకుండా తీశానని కోపం తెచ్చుకోకు. పిన్ని తన ఇంట్లో తాను చెల్లెలితో ఫోన్లో మాట్లాడాలన్నా వంటింట్లోకి వెళుతోందిరా. నీకు చెప్పలేక ఊరుకుంది. గేటూ పెరడూ చూస్తే చాలదా? ఎదురింటి వాకిలి కనిపించే మేర కూడా నల్లగా మాస్క్ చేశాను. వాళ్లింటి ఆడవాళ్లు పొద్దున్నే ముగ్గు వేసుకుంటారు.

128 జీబీ కార్డు వేశాను, కెమెరాలకని అమ్మే హై ఎండ్యూరెన్స్ రకం. 2 ఎంబీపీఎస్ మీద రోజుకి 21 జీబీ దాకా పడుతుంది కాబట్టి అయిదారు రోజులది నిలవ ఉంటుంది. ఏదైనా కావాలంటే ఆలోపే దించుకో.

కెమెరాని ప్రస్తుతానికి బాబాయ్ నంబరు మీద రిజిస్టర్ చేశాను. నీకు షేర్ రిక్వెస్టు వచ్చి ఉంటుంది, ఒప్పుకో. రూటర్ కొత్త పాస్‌వర్డ్ పిన్ని డైరీలో రాసిపెట్టాను, ఫోన్ చేసి కనుక్కో, వాట్సాప్‌లో మాత్రం అడగకు. లైనుకీ కార్డుకీ అయిన డబ్బుల గురించి ఇప్పుడు మాట్లాడొద్దు, సంక్రాంతికి వచ్చినప్పుడు చూసుకుందాం.

నీ
రఘు