ఉగాది సంచిక ఆలోచనలకు ఒక నోషన్ పేజీ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది సంచిక కోసం నెల రోజులుగా ఈ గ్రూపులో పంచుకున్న ఆలోచనలు శుభోదయం సందేశాల కింద పడి కనిపించకుండా పోతున్నందున, వాటన్నింటినీ, అందరూ కలిసి నోట్సు, పట్టికలు రాసుకునే యాప్ అయిన నోషన్‌లో ఒకచోటికి చేర్చి మీ మెయిళ్లకు ఆహ్వానం పంపాను.

అందులోని పట్టికలో ఒక్కో వరుస తెరిస్తే ఒక్కో పేజీ అవుతుంది. ఉదాహరణకు 'మన ఊరి దిగుడుబావి' అన్న వరుసను తెరిస్తే పాత ఫొటోలు, కలవవలసిన పెద్దల వివరాలు, సగంలో ఆగిన మొదటి పేరా అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. అదే పట్టికను బోర్డుగా మార్చి చూస్తే ఆ వ్యాసం 'ఆలోచన', 'రాస్తున్నది', 'దిద్దుబాటు' అన్న మూడింటిలో ఏ దశలో ఉందో, క్యాలెండరుగా చూస్తే గడువు ఎప్పుడో తెలుస్తుంది.

ఏదైనా తోచిన వెంటనే, తీర్చిదిద్దే పని పెట్టుకోకుండా, ఒక్క వాక్యం రాసి వదిలేయండి. ఐకాన్లు, ముఖచిత్రాలు ఎంచుకుంటూ నేను ఒక సాయంత్రమంతా గడిపాను, రాసింది మాత్రం రెండు వాక్యాలే. ఇతరులు రాసినదాన్ని మార్చకుండా, మీ అభిప్రాయాన్ని పక్కన వ్యాఖ్యగా చేర్చండి. పొరపాటున పేజీ తొలగించినా కంగారు వద్దు, అది 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఉచిత ఖాతాలో ఒక్కో ఫైలు 5 ఎంబీ మించకూడదు కనుక స్కాన్లను కుదించి పెట్టగలరు.

ఆదివారం సాయంత్రంలోగా ఎవరి వరుసలు వారు చేర్చవలసిందిగా మనవి. ఫోన్‌లో తెరవడం ఇబ్బందిగా ఉన్నవారు నాకు విడిగా సందేశం పంపితే, వారి మాటలను నేనే అందులో ఎక్కిస్తాను.