లూప్ ఎక్కడ ఆగాలి?

ఒంగోలు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ప్రధాన సంఖ్యలను గుర్తించడానికి మీ అమ్మాయి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను నువ్వు ఓపికగా కాగితం మీదికి ఎత్తి పంపడం మంచిదయింది, ఎందుకంటే ఇలాంటి వాటి గుట్టు చేత్తో లెక్క కట్టి చూస్తేనే బయటపడుతుంది.

తొమ్మిది ఇస్తే ముందు ప్రధాన సంఖ్య అనీ, ఆ వెంటనే కాదనీ రెండు మాటలు చెబుతోందని రాశావు కదా. ఇచ్చిన సంఖ్యను దానికంటే చిన్నవాటితో ఒక్కొక్కటిగా భాగించి, శేషం సున్నానా అని ఇఫ్‌తో అడిగే లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం, అందులో ఉంది. అది రెండుతో మొదలవుతుంది. తొమ్మిదిని రెండుతో భాగిస్తే శేషం ఒకటి, అంటే సున్నా కాదు కనుక, ఇఫ్ షరతు కుదరనప్పుడు నడిచే ఎల్స్‌లోకి వెళ్లి "ప్రధాన సంఖ్య" అని ముద్రిస్తుంది. తరువాత మూడు వస్తుంది, శేషం సున్నా అవుతుంది, "కాదు" అని చెప్పి బ్రేక్‌తో లూప్‌ను మధ్యలోనే వదిలి బయటపడుతుంది. అదే ఏడు ఇచ్చి చూడు, రెండు నుంచి ఆరు దాకా ఒక్కో అంకెకు ఒకసారి చొప్పున అయిదుసార్లు "ప్రధాన సంఖ్య" అంటుంది. మొదటి సాక్షి నోరు విప్పగానే తీర్పు చదివేసే పెద్దమనిషి లాంటిది ఈ ప్రోగ్రామ్. కాదని చెప్పడానికి ఒక్క కారణాంకం దొరికితే చాలు, అవునని చెప్పాలంటే మాత్రం అన్నీ అయిపోవాలి. అందుచేత ఆ ఎల్స్‌ను ఇఫ్ కింద కాకుండా ఎడమకు జరిపి, లూప్‌ను మొదలుపెట్టే ఫర్‌కు సమానంగా ఉంచమను; పైథాన్‌లో అలా ఉంచిన ఎల్స్, బ్రేక్ తగలకుండా లూప్ పూర్తయినప్పుడు మాత్రమే నడుస్తుంది.

అయితే ఈ మార్పుతో కొత్త చిక్కు ఒకటి వస్తుంది. ఒకటి ఇస్తే లూప్ అసలు తిరగదు, బ్రేక్ తగలదు, కనుక ఒకటి కూడా ప్రధాన సంఖ్య అయి కూర్చుంటుంది. రెండు కంటే తక్కువైన వాటిని మొదటి వరుసలోనే తిప్పి పంపాలి. సున్నా, రుణ సంఖ్యలు కూడా అక్కడే ఆగిపోతాయి.

ఇక లూప్‌ను ఎంతవరకు తిప్పాలన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కారణాంకాలు జంటలుగా వస్తాయి, ఆ జంటలో రెండూ వర్గమూలం కంటే పెద్దవైతే వాటి లబ్ధం అసలు సంఖ్యనే దాటిపోతుంది, కాబట్టి వర్గమూలం దాకా చూస్తే చాలు. ఉదాహరణకు మా ఒంగోలు పిన్‌కోడ్ 523001ని తీసుకో: 724 వర్గమే దానిని మించిపోతుంది కనుక, అయిదు లక్షల పైచిలుకు భాగహారాలు చేయాల్సిన పని లేకుండా 723తో ఆగవచ్చు. నిజానికి అంత దూరం కూడా పోనక్కరలేదు, 31 దగ్గరే తెగిపోతుంది. అది 31ని 16871తో గుణిస్తే వచ్చేది. మీ నెల్లూరు 524001 పరువు మరీ తక్కువ, అంకెల మొత్తం 12 కనుక మూడు దగ్గరే పడిపోయింది!

వర్గమూలం కోసం వేరే ఫంక్షన్ తెచ్చుకోనక్కరలేదు, భాజకాన్ని దానితోనే గుణించిన ఫలితం సంఖ్యకు మించనంత వరకు వైల్ లూప్ తిప్పితే సరిపోతుంది. పైన చెప్పిన ఎల్స్ వైల్‌కు కూడా అలాగే పనిచేస్తుంది. ఆ షరతులో (<=) సమానం గుర్తు మాత్రం వదలకూడదు, వదిలితే 49కి ఏడును పరీక్షించకుండానే ఆగిపోయి దానిని ప్రధాన సంఖ్యగా చూపిస్తుంది.

వందల అంకెల సంఖ్యలకు ఈ పద్ధతి పనికిరాదనుకో. వాటి కోసం 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టిన పద్ధతి వేరే కథ, అమ్మాయికి ఇప్పుడే అవసరం లేదు. ముందు 1, 2, 4, 9, 25, 49 ఇచ్చి ఏమంటుందో చూసి నాకు రాయమను. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు