413 బంతుల కథను సగంలో ఆపకండి

సంపాదక మహాశయులకు,

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ ఉంది. ఈ ఆట ప్రస్తావన వస్తే చాలు, జపాన్ పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసే క్రీడాకారిణి) యుకికో ఉయెనో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో 413 బంతులు వేసి స్వర్ణం గెలిపించిన సంగతి ముందుకొస్తుంది. అది నిజమే. అయితే, మోకాళ్లు అరిగినా మెట్లన్నీ ఎక్కేసినట్టు దాన్ని పట్టుదల కథగా మాత్రమే పిల్లలకు చెబుతున్నాం. అక్కడే పొరపాటు జరుగుతోంది.

ఆ లెక్క ఇదీ. ఆగస్టు 20న అమెరికాతో సెమీఫైనల్ 9 ఇన్నింగ్స్ (రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్) సాగింది. ఉయెనో 147 బంతులు వేసినా జపాన్ 4-1తో ఓడింది. అప్పటి పద్ధతిలో ఓడిన జట్టుకు మరో అవకాశం ఉండేది. దాంతో అదే రోజు ఆస్ట్రేలియాతో 12 ఇన్నింగ్స్ ఆడి ఉయెనో 171 బంతులు వేసి గెలిపించింది. మర్నాడు ఫైనల్లో 95. ఒలింపిక్స్‌లో వరుసగా 22 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన అమెరికా 3-1తో ఓడింది. అప్పటికి ఆమెకు 26 ఏళ్లు, శరీరం పూర్తిగా గట్టిపడిన వయసు. మన జిల్లా పోటీల్లో అదే భారం 13 ఏళ్ల పిల్ల భుజం మీద పడుతోంది. రోజుకు రెండు మూడు మ్యాచ్‌లు, జట్టుకు ఒక్కతే పిచర్!

చెయ్యి కిందినుంచి తిప్పి వేస్తారు కాబట్టి భుజానికి ఏమీ కాదనే నమ్మకం మనలో చాలామందికి ఉంది. అది తప్పు. విండ్‌మిల్ అనే ఈ పద్ధతిలో చెయ్యి గుండ్రంగా ఒక చుట్టు పూర్తిగా తిరిగి తుంటి దగ్గర బంతిని వదులుతుంది. అంత వేగంతో వచ్చే చేతిని అక్కడ నిలవరించేది దండ కండరమే (బైసెప్స్). అందుకే నొప్పి మొదట భుజం ముందువైపు వస్తుంది. బలం రావలసింది కాళ్ల తోపు నుంచి, నడుము తిరుగుడు నుంచి. పిల్ల అలసిందంటే ముందు తగ్గేది ఆ తోపే, తర్వాత ఒళ్లు ముందుకు వంగుతుంది. ఇక పనంతా చెయ్యే చేస్తుంది. బంతి ఆలస్యంగా చేతిని వదిలి బ్యాటర్ తలపైకి పోతుంటే, చేంజప్‌కూ (బ్యాటర్‌ను ఏమార్చడానికి కావాలని నెమ్మదిగా వేసే బంతి) మామూలు బంతికీ వేగంలో తేడా లేకుండా పోతే, కోచ్ "ఇంకా గట్టిగా వెయ్యమ్మా" అని అరవకూడదు. ఆమెను కూర్చోబెట్టాలి. 13–14 ఏళ్ల వాళ్లు మ్యాచ్‌కు 80, రోజుకు 115 బంతులు దాటకూడదని క్రీడా వైద్యులు చెబుతారు. ఆగస్టు 20న ఉయెనో ఒక్కరోజే వేసినవి 318.

కథలో రెండో సగం చాలామంది చెప్పరు. 2012, 2016 ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ లేదు. 2008 నుంచి 2021 దాకా ఆ 13 ఏళ్లూ ఉయెనో తన క్లబ్ తకసాకి జట్టుకు, జపాన్‌కు ఆడుతూనే ఉంది. 2019లో బ్యాటర్ కొట్టిన బంతి తగిలి దవడ విరిగింది. పిచర్ నిలబడే పలక నుంచి బ్యాటర్ దగ్గరుండే హోం ప్లేట్‌కు 13.11 మీటర్లే (క్రికెట్ పిచ్ 20.12 మీటర్లు), బంతి వదిలేసరికి ఆమె ఇంకా ముందుకు వచ్చేసి ఉంటుంది. ఆమె గంటకు 121 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి ఆ దూరం దాటడానికి 0.4 సెకను కూడా పట్టదు. ఎదురుకొట్టిన బంతి ఇంకా వేగంగా వచ్చి ముఖానికి తగులుతుంది. మన బడుల్లో బ్యాటర్ వెనక బంతి అందుకునే క్యాచర్‌కు ముఖకవచం ఇస్తాం, పిచర్‌కు ఇవ్వం.

2021 జులై 27న యొకొహామాలో టోక్యో ఒలింపిక్స్ ఫైనల్, ఎదుట మళ్లీ అమెరికా. ఉయెనోకు 39 నిండి అయిదు రోజులు. ఆరో ఇన్నింగ్స్‌లో ఆమెను బయటికి పంపి, 20 ఏళ్ల ఎడమచేతి పిచర్ మియు గోటోకు బంతి ఇచ్చారు. మొదటి నుంచి ఆడిన క్రీడాకారిణి బయటికెళ్లినా ఒకసారి తిరిగి రావచ్చన్న నియమం సాఫ్ట్‌బాల్‌లో ఉంది. దాన్ని వాడుకుని ఉయెనో ఏడో ఇన్నింగ్స్‌కు తిరిగొచ్చి 2-0తో ముగించింది. మన కోచ్‌లు నేర్చుకోవలసింది ఈ మ్యాచ్ నుంచి.

జిల్లా, రాష్ట్ర పోటీలు నిర్వహించే వారికి నా విన్నపం. జట్టు పేర్లు ఇచ్చేటప్పుడే ఇద్దరు పిచర్ల పేర్లు తప్పనిసరి చేయండి. పిచర్‌కు ముఖకవచం లేని జట్టును మైదానంలోకి అనుమతించకండి. స్కోరు పుస్తకంలో ప్రతి ఇన్నింగ్స్ పక్కన బంతుల గడి ఒకటి పెట్టండి. దీనికి యంత్రాలేమీ అక్కర్లేదు. బయట కూర్చున్న అమ్మాయి ఒకతె పెన్సిల్‌తో నాలుగు నిలువు గీతలు గీసి, అయిదో బంతికి అడ్డగీత కొడుతూ పోతే చాలు. పదహారో కట్ట పూర్తయ్యేసరికి 80 అవుతాయి. అప్పుడు ఆమె లేచి కోచ్‌కు చెప్పాలి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌బాల్ శిక్షకురాలు,
అనంతపురం