అన్నిటికీ షార్ట్ సర్క్యూటేనా?

అయ్యా,

మెకానిక్ షెడ్డు దగ్ధమైన వార్త చివర ‘షార్ట్ సర్క్యూట్ వల్లే ప్రమాదం జరిగినట్టు భావిస్తున్నారు’ అని గత వారం మీరు ప్రచురించారు. గడ్డివాము తగలబడినా, కరెంటే లేని గుడిసె తగలబడినా మన అధికారులకు తోచే కారణం అదొక్కటే. ఇంజన్లు తుడిచి మూలన గుట్టగా పడేసే, డీజిలు పీల్చిన వేస్ట్ కాటన్ సంగతి మాత్రం ఎవరూ అడగరు.

పళ్లెంలో పోసిన చల్లని డీజిలు అగ్గిపుల్లకు తేలిగ్గా అంటుకోదు, అదే డీజిలు దూదికి పట్టిందంటే ఇట్టే అంటుకుంటుంది. కార్తీక దీపం వెలిగించే ప్రతి ఇల్లాలికీ ఇది తెలుసు: వత్తి పీల్చిన నూనె ఆవిరై మండుతుందే తప్ప, నూనె ఉన్నంతసేపూ వత్తి పెద్దగా మాడదు. షెడ్డులోని గుట్టలో ప్రతి పోగూ ఒక వత్తే. కిలో దూది కాలితే సుమారు 17 మెగాజౌళ్ల వేడి పుడుతుంది, కిలో డీజిలు కాలితే సుమారు 43. పోగులన్నీ ఒక్కసారిగా అందుకోవడంతో ఆ వేడంతా నిమిషాల్లో బయటపడుతుంది.

రెండేళ్ల క్రితం మా వీధి చివరి షెడ్డులో ఇదే జరిగింది. కుర్రాళ్లు బకెట్లతో నీళ్లు కొడితే, నీటికన్నా తేలికైన డీజిలు పైకి తేలి, మంటతో సహా గడప దాటి మురుగుకాలువ దాకా పారి, బయట నిలిపిన స్కూటరు సీటును కూడా అంటించింది. ఎదురింటివాళ్లు ఇల్లు కట్టడానికి పోయించుకున్న ఇసుకతో చివరికి మంట ఆరింది కానీ, గుట్ట లోపలి నిప్పు సాయంత్రం దాకా పొగ కక్కుతూనే ఉంది.

ఆ వ్యర్థాలను మూత ఉన్న ఇనుప డబ్బాల్లో వేయించి ఏ రోజుకారోజు తరలించాలని మర్నాడే అర్జీ పెట్టాను. అది చెత్త విభాగం పని అని ఒకరు, లైసెన్సు ఇచ్చినవారి పని అని మరొకరు తిప్పి పంపగా, మూడో చోట అర్జీకి నకళ్లు మూడు అడిగారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి జరిగే అగ్నిమాపక వారోత్సవాల ఫ్లెక్సీలకు మాత్రం లోటు లేదు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో పేలిన ఓడలో ముందుగా అంటుకున్నవి పత్తి బేళ్లేనని ఆ ఫ్లెక్సీలు కట్టేవారిలో ఎందరికి తెలుసో!

ఇకపై ఇలాంటి వార్త రాసే మీ విలేకరి, కరెంటు తీగలతో పాటు షెడ్డు మూలన ఏముండేదో కూడా అడిగి రాయాలని కోరుతున్నాను.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
పటమట, విజయవాడ