కళ్లు నలపకు తల్లీ

చిట్టితల్లికి,

రాత్రి ఫోనులో కళ్లు దురద అన్నావు, ఇసుక పడినట్టు గరగరలాడుతున్నాయన్నావు, నీళ్లు కారుతున్నాయన్నావు. అన్నిటికీ కలిపి ఎలర్జీ అని పేరు పెట్టి రోజూ సెట్రిజిన్ వేసుకుంటున్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. ఫోనులో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను.

దురద ఎలర్జీ వల్ల. మంట, గరగర మాత్రం ఎక్కువగా కన్ను పొడిబారడం వల్ల. సెట్రిజిన్ దురదను అణచవచ్చు గానీ, కారే ముక్కును ఆరబెట్టినట్టే కంట్లో తడినీ తగ్గించగలదు. తడి తగ్గితే లోపల పడ్డ దుమ్మూ పుప్పొడీ కొట్టుకుపోవు, అక్కడే ఉండి మళ్లీ దురద పెడతాయి. మళ్లీ ఇంకో మాత్ర. మన మెడికల్ షాపుకు ఈ సీజన్‌లో ఇలా తిరిగి తిరిగి వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. మరి నీళ్లెందుకు కారుతున్నాయంటావా? పొడిబారిన కన్ను మంటకు తాళలేక ఒక్కసారిగా వదిలే నీళ్లవి, నిలవవు. కంటి తడి మీద సన్నని నూనె పొర, అడుగున జిగురు పొర ఉంటేనే ఆ తడి ఆగుతుంది.

మాత్ర పూర్తిగా మానమని చెప్పను, తుమ్ములుంటే అవసరమే. బాధ కళ్ల వరకే అయితే, ఎలర్జీకి కంట్లోనే వేసే చుక్కలు మేలు. అవి ఏవో డాక్టరు రాయాలి.

నీ ఆఫీసు ఉన్నదేమో గుంటూరు మిర్చి యార్డు పక్కన. ఏప్రిల్ దాకా టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి, తొడిమలు తీసే చోట గాలే ఘాటు. ఆ ఘాటు ఎలర్జీ కాదు, మిరపలోని కాప్సైసిన్ మంట. అప్పటికే ఉబ్బిన కంటికి అదీ తోడవుతోంది. బండి మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ అద్దం దించు, నడిచేటప్పుడు కళ్లజోడు పెట్టుకో. కాంటాక్ట్ లెన్సులు కొన్నాళ్లు పక్కన పెట్టు. ఇంటికి రాగానే ముందు చేతులు సబ్బుతో, తర్వాత ముఖం కడుక్కో. జుట్టులో చేరిన దుమ్ము దిండుకు అంటకుండా రాత్రి పడుకునే ముందే తలస్నానం చెయ్యి.

నలిపితే హాయిగా ఉంటుందని తెలుసు. కానీ నలిపినకొద్దీ దురద పుట్టించే హిస్టమిన్ ఇంకా ఊరుతుంది. ఏళ్ల తరబడి నలిపేవాళ్లకు నల్లగుడ్డు మీది పారదర్శక పొర పలచబడి ముందుకు పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది. దాన్నే కెరటోకోనస్ అంటారు. దురద ఆగకపోతే ఫ్రిజ్ నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన కళ్ల మీద వేసుకో.

ఇక చుక్కల సంగతి. ఎరుపు పోగొట్టే చుక్కలు రక్తనాళాలను బిగిస్తాయి, అదే పనిగా వాడితే మానగానే ఎరుపు మళ్లీ తిరగబెడుతుంది. అంతకన్నా భయపడాల్సినవి స్టెరాయిడ్ చుక్కలు. వెంటనే హాయినిస్తాయి కాబట్టి జనం వదలరు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడుతూ పోతే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా రావచ్చు, శుక్లాలూ రావచ్చు. సీసా మీద డెక్సామెథసోన్ అనో, ప్రెడ్నిసొలోన్ అనో ఉంటే చీటీ లేకుండా ఎవరిచ్చినా తీసుకోకు. నేను ఎంత తెలిసినవాళ్లకైనా ఇవ్వను.

నీకు ఇప్పుడు కావలసింది కంటిని తడిగా ఉంచే కృత్రిమ కన్నీటి చుక్కలు, కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ ఉన్నవి. రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేనివి అడుగు. కింది రెప్ప కొంచెం కిందికి లాగి, పైకి చూస్తూ ఒక్క చుక్క వెయ్యి, చాలు. సీసా మూతి రెప్పకు తగలనీయకు. కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒక నిమిషం నొక్కి ఉంచు. ఇంకో మందు వేయాలంటే అయిదు నిమిషాలు ఆగు.

కంప్యూటర్ ముందు రెప్ప వేయడం మరిచిపోతాం. 20 నిమిషాలకోసారి తలెత్తి 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడు, రెప్పలు నిండుగా మూసి తెరువు. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా కుర్చీ జరుపుకో.

చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కన్ను నొప్పి పుట్టినా శనివారం దాకా ఆగకు, ఆ రోజే గుంటూరులో కంటి డాక్టరుకు చూపించుకుని నాకు ఫోను చెయ్యి. అవేవీ లేకపోతే శనివారం ఇక్కడికి రా, నేనే తీసుకెళ్తాను. వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసుకుని రా, ఖాళీవి కూడా.

ప్రేమతో,
నాన్న
విజయవాడ