బీరువాలో ఉన్న మాటలు

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెలైంది. జవాబు రాయకపోవడానికి బద్ధకం తప్ప సాకేమీ లేదు. పైగా ఈ నెలంతా ఒక స్విచ్చుతో కుస్తీ పడుతున్నాను.

మా క్లాసులో తొమ్మిదేళ్ల పిల్లాడున్నాడు. సెరిబ్రల్ పాల్సీ. మాట రాదు, చేతులు స్వాధీనంలో ఉండవు. కానీ నేను జోకేస్తే అందరికంటే ముందు నవ్వేది వాడే. రెండేళ్ల కిందట వాడికోసం మాట్లాడే టాబ్లెట్ తెప్పించారు. తెప్పించి బీరువాలో పెట్టి తాళం వేశారు, పాడవుతుందని! తనిఖీకి ఎవరైనా వస్తే తీసి, తుడిచి, చూపించి మళ్లీ లోపల పెట్టేవారు. రిజిస్టర్‌లో మాత్రం 'అందజేయడమైనది'.

తాళం ఎలా తీయించానో కలిసినప్పుడు చెప్తాను, అదో పెద్ద కథ. టాబ్లెట్‌తోపాటు ఒక కాగితం కూడా దొరికింది: 'విద్యార్థి ఉపయోగించలేకపోతున్నాడు' అని. వాడు చేయాల్సిందల్లా తల పక్కన బిగించిన స్విచ్చును చెంపతో నొక్కడం. తెరమీద బొమ్మల వరుసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కావాల్సిన వరుస రాగానే నొక్కితే, అందులోని బొమ్మలు ఒక్కొక్కటే వెలుగుతాయి, కావాల్సిన బొమ్మ దగ్గర మళ్లీ నొక్కితే టాబ్లెట్ ఆ మాట పైకి పలుకుతుంది. వాడేమో ప్రతిసారీ కింది వరుసలో పడుతున్నాడు. రెండు రోజులు పక్కనే కూర్చుని చూశాక నా బుర్రకెక్కింది. వెలుగు ఒక్కో వరుస మీద ఒక్క సెకనే ఆగుతోంది. వాడి తల స్విచ్చు దాకా రావడానికే రెండు సెకన్లు పడుతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మూడు సెకన్లు చేశాను. అంతే రా. రెండేళ్లు పోయింది దీనికి.

ఇక అందులో పెట్టిన మాటలు చూడు: నీళ్లు, బాత్రూం, ఆకలి, నమస్కారం, థాంక్యూ. పెద్దవాళ్లకి వాడి నోట ఏం వినాలనుందో అవన్నీ ఉన్నాయి. 'వద్దు' లేదు, 'మళ్లీ' లేదు, 'ఎందుకు' లేదు. నేను పెట్టాను. మొదటిరోజు 'వద్దు' పదకొండుసార్లు నొక్కాడు. లెక్కల పుస్తకం తీస్తే వద్దు, బల్ల జరిపితే వద్దు, చివరికి బెల్లు కొట్టాక ఇంటికెళ్దాం రా అంటే కూడా వద్దే!

ఇంకో తలనొప్పి ఉంది. టాబ్లెట్‌లోని ఈ బొమ్మల బోర్డు ఇంగ్లీషు పద్ధతిలో కట్టింది. అక్కడ 'ఐ', 'గో' అని రెండు బొమ్మలు నొక్కితే పనైపోతుంది. మనకేమో వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు అన్నీ వేరు. టాబ్లెట్ 'నేను వెళ్లు' అంటుంటే వాడే నవ్వుతున్నాడు. ప్రస్తుతానికి వాడికి బాగా అవసరమైన పది క్రియలకు 'వెళ్తాను' లాంటి రూపాలు విడిగా పెట్టాను.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఒక నివేదిక వేశాయి. కళ్లజోళ్లు, చక్రాల కుర్చీల నుంచి ఇలాంటి టాబ్లెట్ల దాకా ఏదో ఒక సహాయక పరికరం 250 కోట్ల మందికి పైగా అవసరమని, దాదాపు 100 కోట్ల మందికి అందడం లేదని. బీరువాలో ఉన్నన్నాళ్లూ మావాణ్ణి ఏ లెక్కలో వేయాలో! అందినా మూలపడేవి ఎన్నో. అమెరికాలో 1993లో ఫిలిప్స్, జావో అనే ఇద్దరు అడిగి చూస్తే, పరికరాల్లో 29.3 శాతం వాడకుండా వదిలేశారని తేలింది. ఎంచేటప్పుడు వాడేవాళ్లను అడక్కపోవడం ఒక కారణమట. నాకేం ఆశ్చర్యం వేయలేదు.

చూపులేని ఎనిమిదో తరగతి అమ్మాయి సంగతీ అంతే. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ ఉంది, తెరమీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్, ఉచితమే. అది చదివే స్పీడుకు నాకు ఒక్క ముక్క అర్థం కాదు, తనకు చక్కగా అర్థమవుతుంది. సైన్సు నోట్సు ఫోటోలు తీసి పీడీఎఫ్ చేసి పంపాం. స్క్రీన్ రీడర్‌కు అది ఉట్టి బొమ్మ. "సార్, ఖాళీ పేజీలు పంపారు" అంది. ఒక సాయంత్రం కూర్చుని టైప్ చేసిచ్చాను.

అసలు ఈ ఉత్తరం రాయడం వెనక స్వార్థం ఉందిలే. టాబ్లెట్‌లో ఉన్నది ఎవరో పెద్దావిడ గొంతు, న్యూస్ చదివినట్టుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆ గొంతేమిటి? మీవాడిదీ అదే వయసు కదా. వాడిచేత ఒక డెబ్బై మాటలు ఫోన్లో రికార్డు చేయించి పంపు, జాబితా వెనక పేజీలో రాశాను. 'థాంక్యూ' ఎలా చెప్పినా ఫర్లేదు గానీ, 'వద్దు' మాత్రం గట్టిగా చెప్పమను.

ఉంటాను మరి.