క్రియాటినిన్ ఒక్కటే చూస్తే సరిపోదు

సంపాదకులు గారికి,

హైదరాబాద్‌లో మోకాళ్ళ నొప్పి అంటే చాలు, చాలా మెడికల్ షాపుల్లో చీటీ అడక్కుండానే డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర చేతిలో పెడతారు, బీపీ షుగర్ ఉన్న పెద్దవాళ్ళు దాన్ని నెలల తరబడి మింగుతూనే ఉంటారు, దానివల్ల కిడ్నీలకు రక్తం తగ్గుతుందని చెప్పేవాళ్ళే ఉండరు. కిడ్నీ దెబ్బతిన్నా చాలాకాలం నొప్పి తెలియదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) నార్మల్ అని ధీమాగా ఉంటాం గానీ, అది పెరిగేసరికి కిడ్నీల పని సగం పోయి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో అంతకుముందే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ కనబడుతుంది. బీపీ, షుగర్ ఉన్న అందరికీ ఏడాదికోసారి ఈ రెండు పరీక్షలూ బస్తీ దవాఖానాల ద్వారా తప్పనిసరి చేయాలి.

జబ్బు వచ్చాక ఇంకో టెన్షన్, చుట్టాల సలహాలు! కొబ్బరినీళ్ళు తాగమంటారు, వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి పొటాషియం పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది, ఆరోగ్యానికి మంచిదని కొనే తక్కువ సోడియం ఉప్పులోనూ సోడియానికి బదులు కలిపేది చాలావరకు ఆ పొటాషియమే. ఆవకాయ తగ్గించమని మాత్రం ఎవరూ అనరు.

ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది, సంతోషం. కానీ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మంచం మీద గడిపే కూలీకి ఆటో డబ్బులు ఎక్కడివి, పోయిన కూలి ఎవరిస్తారు? సెంటర్లను రాత్రిపూట కూడా నడిపితే కొందరైనా పగలు పనికి పోగలరు, ఆరోగ్యశాఖ ఆలోచించాలి.

ఒక పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్